డబ్బీలో బుధ గ్రహం

వునిమోలి,
లంబాసా దగ్గర.
1913 ఫిబ్రవరి

అమ్మలు కుంతీ,

నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాననుకో. ఇక్కడ వాన, బురద, దోమలు, మీ పెదనాన్న, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నువ్వు సబేటో వెళ్ళి మీ నాన్న దగ్గర ఉంటున్నప్పటి నుంచి ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు. మేక ఉంది గాని అదీ సగమే వింటుంది.

నీకొక మంచి కబురు. మన పక్కింటి జసోద తెలుసు కదా, చెరకు మిల్లు కూలీలుండే లైన్లలో కూరలమ్మే హిందుస్తానీ ఆవిడ. అక్కడ చంద్రవతి అని మన తెలుగావిడ ఉందట. గిర్మిట్, అదే ఐదేళ్ళ కూలి ఒప్పందం, పూర్తయింది, మొగుడు పోయాడు, కొడుకు దగ్గర ఉంటోంది. కొడుకు పేరు సుబ్రమణి. మిల్లులో బాయిలరు దగ్గర పని. తాగడట, ఎవరి మీదా చెయ్యి ఎత్తడట. జసోదే నీ మాట కదిపింది. "పిల్ల ఎలా ఉండాలి?" అని అడిగితే చంద్రవతి ఒకే ఒక్క మాట అందట. జసోద వచ్చి నాకు చెప్పింది: "లడ్కీ తెలుపు రహే తో బస్ హై, దీదీ. ఔర్ కుఛ్ నహీఁ మాంగే." పిల్ల తెలుపైతే చాలు, ఇంకేమీ అడగం అని. జసోదకు తెలుగు రాదు. ఆ ఒక్క ముక్కా జారిపోకుండా దారంతా వల్లించుకుంటూ వచ్చిందట, పాపం.

నువ్వు నల్లదానివని నేను అనడం లేదు. చామనఛాయ అనే మాట నీ కోసమే పుట్టింది. కాకపోతే రెండు చాయలు పైకి పోయినా పుట్టి మునగదు. వాళ్ళు ఏప్రిల్‌లో ఆగ్‌బోటు, అదే పొగ ఓడ, ఎక్కి లౌటోకా వస్తారు. అక్కడి మిల్లులో సుబ్రమణికేదో పని ఉందట. అటు నుంచి సబేటో వచ్చి నిన్ను చూస్తారు. ఈ సంబంధం కుదిరితే నువ్వు మళ్ళీ లంబాసా వస్తావు. నా ఇంటికీ మిల్లు లైన్లకీ నడిచిపోయేంత దూరం. ఆ ఆశతోనే ఈ మధ్య నాకు నిద్ర పట్టడం లేదు.

తెలిసినవాళ్ళ చేత ఒక మూట పంపుతున్నాను. అందులో సున్నిపిండి ఉంది. పెసలు, బియ్యం, పసుపు వేసి విసిరాను. కచోరాలు ఇక్కడ దొరకవు, నారింజ తొక్క ఎండబెట్టి కలిపాను. సీసాలో ఉన్నది పొన్న నూనె. ఈ దీవుల అసలు మనుషులు, కాయివీతీ వాళ్ళు, డిలో అంటారు గాని సముద్రం ఒడ్డున పెరిగేది మన పొన్న చెట్టే. మచ్చలకీ చెరకాకు కోతలకీ దాన్ని మించింది లేదు.

నీ మేలు కోరే పెద్దమ్మ,
వెంకటమ్మ

తాజా కలం: ఇది మునియ్య పెదనాన్న రాస్తున్నది. మీ పెద్దమ్మకు చదవడం రాదు గనక ఇక్కడ నేను స్వతంత్రుణ్ణి. "నువ్వు నల్లదానివని నేను అనడం లేదు" అన్న మాట ఆవిడ ఎన్నోసార్లు రాయమంది. నేను ఒక్కసారే రాశాను. నీకు అక్షరాలు నేర్పింది నేనే కాబట్టి అర్థం చేసుకుంటావు.


సబేటో.
మార్చి

పెద్దమ్మకూ పెదనాన్నకూ కుంతి దండాలు.

మూట అందింది. సున్నిపిండి సంగతి ముందు చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోండి. నేను దొరసాని ఇంట్లో పసివాణ్ణి చూసుకునే పనిలో ఉన్నాను కదా. మూటను అక్కడ వంటింటి గట్టు మీద పెట్టి పిల్లాడికి స్నానం చేయించడానికి వెళ్ళాను. వంట చేసే బసంతి దాన్ని శనగపిండి అనుకుని ఉల్లిపాయలు కోసి భజియాలు వేసేసింది. దొర తిన్నాడు. తిని, "ఈ వాసన చాలా బాగుంది, రోజూ ఇలాగే చెయ్యి" అన్నాడట. బసంతి ఇప్పుడు నా వెంట పడుతోంది, "ఆ బేసన్ ఎక్కడ దొరుకుతుందే?" అని.

పొన్న నూనె మాత్రం రాసుకుంటున్నాను. చేతుల మీద కోతలు నిజంగానే మానాయి. కానీ ఆ వాసనకు నాన్న తన పీట వసారాలోకి మార్చుకున్నాడు. అన్నం అక్కడే తింటున్నాడు.

అసలు విషయం. నా పెళ్ళిచూపుల మాట విని దొరసాని తన అద్దం బల్ల కింది అర చూపించింది. "ఇవి నేను వాడనివి. నీకేది కావాలంటే అది తీసుకో" అంది. ఎంత మంచి మనిషో. నాలుగు ఉన్నాయి. ఒక్కోదాని మీద కాగితం అంటించి, లోపల ఏమేం కలిపారో ఇంగ్లీషులో వేశారు. నాకు మిషను బడిలో ఆ అక్షరాలు చదవడం వచ్చింది గాని ఈ మాటలు పాఠాల్లో లేవు. ఒక డబ్బాలో జింకు ఉంది. ఒక సీసాలో గ్లిసరిన్, పన్నీరు. ఇంకో డబ్బీలో లానోలిన్. నాలుగోది అన్నిటికంటే అందమైనది, మూత మీద హంస బొమ్మ. "ముఖము తెల్లబడును" అని పెద్ద అక్షరాలతో వేసి, కింద చిన్నగా మెర్క్యురీ అని ఉంది.

ఏది రాసుకోవాలో తెలియకుండా రాసుకోవడం నాకు ఇష్టం లేదు. దొరసానిని మళ్ళీ అడగాలంటే సిగ్గు, ఇచ్చిందాన్ని పరీక్షిస్తున్నాననుకుంటుంది. లంబాసాలో పెదనాన్నకు తెలిసిన బడి పంతులు ఉన్నాడు కదా, ఆయన్ని అడిగి రాయండి.

పెద్దమ్మ చేతులు పగిలాయని విన్నాను. నాందీ కొట్లో ఒక డబ్బీ కొని పంపుతున్నాను. దాని పేరు కోల్డ్ క్రీము, అంటే చల్లని మీగడ.

మీ కుంతి

తాజా కలం: సుబ్రమణి ఎలా ఉంటాడో ఎవరూ రాయలేదేం? నేను తెల్లబడాలి సరే. ఆయన ఏ రంగు?


వునిమోలి.
మార్చి

కుంతీ,

దీవెనలు తర్వాత, ముందు ఇది విను. నువ్వు రాసిన ఆ నాలుగు పేర్లూ పట్టుకుని మీ పెదనాన్నా నేనూ లంబాసా నడిచి వెళ్ళాం. పంతులు అన్నానికి లేవబోతూ ఉన్నాడు. అయినా మర్యాదగా కూర్చోబెట్టి, దిండంత పుస్తకం ఒకటి తీసి వెతికాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయిస్తున్నాను, భయపడకు.

జింకు అంటే మన లైన్ల మీద కప్పిన రేకు! అదే, ఎండకు కాలి, వానకు మోగి, మనల్ని ఐదేళ్ళు నిద్రపోనివ్వని రేకు. దాన్ని నూరి డబ్బాలో పోశారు. ముట్టుకోకు. గ్లిసరిన్ ఇంకా ఘోరం. రైలు దారి కోసం కొండలు పేల్చే మందు దానితోనే చేస్తారట. నువ్వు పొయ్యి దగ్గర కూర్చునే పిల్లవు. ముఖానికి మందుగుండు పూసుకుంటావా? లానోలిన్ అంటే గొర్రె బొచ్చుకు పట్టిన జిడ్డు. గొర్రె తన కోసం పుట్టించుకున్నది గొర్రెకే ఉండనీ.

ఇక నాలుగోది. పంతులు వేలు పెట్టి చూపించాడు. మెర్క్యురీ అంటే బుధుడు! ఆకాశంలో ఉండే బుధ గ్రహం! "అయ్యా, గ్రహాన్ని డబ్బీలో ఎలా పెట్టారు?" అని అడిగాను. "ఇంగ్లీషువాళ్ళు ఏదైనా చేస్తారమ్మా" అని పుస్తకం మూసి అన్నానికి వెళ్ళిపోయాడు.

మేం ఊరుకున్నామా? తిన్నగా పండిత్‌జీ దగ్గరికి పోయాం. నీ పుట్టిన రోజు చెబితే ఆయన వేళ్ళు మడిచి, "బుధ్ బహుత్ అచ్ఛా హై! పిల్లకు పెళ్ళి చేయించేవాడే బుధుడు" అన్నాడు. ఇంకేం కావాలి? రేకు వద్దు, మందుగుండు వద్దు, గొర్రె వద్దు. బుధుణ్ణి రాసుకో. దండిగా రాసుకో. బుధవారం మొదలుపెట్టు.

సుబ్రమణి రంగు జసోదనడిగాను. "మర్ద్ హై" అంది. మగాడు కదా, మనం అడగకూడదని.

పెద్దమ్మ,
వెంకటమ్మ

తాజా కలం: మునియ్య. నువ్వు పంపిన చల్లని మీగడ అందింది. మీగడ అని రాశావు కదా, రొట్టెకు రాసుకుని తిన్నాను. పాలు ఏ ఆవువో గాని బొత్తిగా రుచి లేదు. బెల్లం కలిపితే కొంత నయం. మీ పెద్దమ్మ చూసేసరికి సగం అయిపోయింది. మిగతా సగం ఆవిడ చేతులకు రాసుకుంది. నేను యంగోన వేరు మత్తు నీళ్ళు తాగి తాగి ఒళ్ళంతా చేప పొలుసులా చేసుకున్నాననీ, లోపల నుంచైనా నునుపు తేలుతుందేమో చూద్దామనీ ఆవిడ ఊరంతా చెబుతోంది.


సబేటో.
మార్చి ఆఖరు

పెద్దమ్మకు, మీగడ తిన్న పెదనాన్నకు,

దండాలు. మీరు చెప్పినట్టే బుధవారం తలంటి పోసుకుని మొదలుపెట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రాసుకున్న కాసేపటికి ముఖం మీద చీమలు నడుస్తున్నట్టు చిమచిమలాడుతుంది. గ్రహం కదా, ఊరికే ఉంటుందా అని ఓర్చుకుంటున్నాను. బుగ్గల మీద చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. దాని కింద మాత్రం నిజంగానే లేతరంగు. బసంతి నన్ను వెలుగులోకి లాక్కెళ్ళి చూసి, "అరే, గోరీ హో గఈ!" అని, నేను తెల్లబడిపోయానని అరిచింది. ఇప్పుడు పక్క లైన్ల నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి నా బుగ్గలు నొక్కి చూసి పోతున్నారు.

ఇంకొక వింత జరిగింది. అమ్మ ముక్కుపుడక నాకు పెట్టారు కదా, మేలిమి బంగారం. నిన్న అద్దంలో చూస్తే అది తెల్లగా ఉంది! వెండి పుడకలా మెరుస్తోంది. కడిగాను, చింతపండుతో తోమాను, తెలుపు పోలేదు. నా ముఖం కంటే ముందు బంగారం తెల్లబడిపోయింది. నాన్న చూసి, "ఇది మీ అమ్మదేనా, ఎక్కడైనా మార్చేశావా?" అని గట్టిగా అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకూ కళ్ళు చెమర్చాయి. అమ్మ ఆనవాలు ఆ పుడక ఒక్కటే కదా.

పెద్దమ్మా, ఇది మంచికేనా? కనురెప్పల దగ్గర కొద్దిగా వాపుగా ఉంది. అయినా వాళ్ళు వచ్చేదాకా ఓపిక పడతాను. నీకు దగ్గరగా ఉండే ఇల్లు దొరుకుతుందంటే ఎన్ని చీమలైనా నడవనీ.

మీ కుంతి

తాజా కలం: బసంతి తనకూ కొంచెం బుధుడు కావాలంటోంది. నీ జాతకం చూపించుకుని రా అన్నాను.


వునిమోలి.
ఏప్రిల్

బంగారు తల్లీ, కాదు, వెండి తల్లీ,

నీ ఉత్తరం మీ పెదనాన్న చదువుతుంటే నేను మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. బంగారమే తెల్లబడిందంటే ఇక నీ చర్మం ఎంత? ఆ మాట పండిత్‌జీకి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, "బుధుడు సూర్యుణ్ణి గెలిచాడు" అన్నాడు. బంగారం సూర్యుడిదట. జసోద విని నోట్లో కొంగు కుక్కుకుంది. ఇక్కడి ఆడవాళ్ళంతా హంస బొమ్మ డబ్బీ ఎక్కడ దొరుకుతుందని నన్ను అడుగుతున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు, నీ పెళ్ళి అయ్యాక చెబుతాను.

చిమచిమ సంగతి పట్టించుకోకు. పసుపు రాసుకున్నా కళ్ళు మండుతాయి, మానేస్తామా? ఇప్పుడు మెడకూ చేతులకూ కూడా రాయి. ముఖం ఒక్కటే తెల్లగా ఉంటే ముసుగు వేసుకున్నట్టుంటుంది. చంద్రవతీ, కొడుకూ రాబోయే ఆగ్‌బోటులోనే బయలుదేరుతున్నారని జసోద చెప్పింది. ఆకుపచ్చ చీర కట్టుకో. ఎక్కువ మాట్లాడకు. నీకు నోరెక్కువని వాళ్ళకు పెళ్ళయ్యాక తెలిసినా చాలు.

పెద్దమ్మ,
వెంకటమ్మ

తాజా కలం: కుంతీ, మునియ్య పెదనాన్నను. మీ పెద్దమ్మ చెప్పింది పైన రాశాను. నేను చెప్పేది కింద రాస్తున్నాను. కింద రాసిందే చెయ్యి.

చిన్నప్పుడు అనకాపల్లిలో మా ఇంటి పక్కన కంసాలి కొట్టు ఉండేది. ఒకసారి ఒకావిడ ఉంగరం మీద పాదరసం చుక్క పడింది. చూస్తుండగానే ఉంగరం వెండిలా తెల్లబడింది. ఆవిడ పెట్టిన కేకలు నాకింకా గుర్తు. నీ ముక్కుపుడక సంగతి చదివినప్పటి నుంచి ఆ ఉంగరమే కళ్ళ ముందు ఆడుతోంది. బంగారాన్ని అలా చేసేది ఆకాశంలో గ్రహం కాదమ్మా, సీసాలో పాదరసం. అది ఒంటికి మంచిది కాదు. ఈ ఉత్తరం అందగానే డబ్బీ పక్కన పెట్టి, సిగ్గు పడకుండా దొరసానిని అడుగు. మీ పెద్దమ్మకు ఇంకా చెప్పలేదు. నేను తప్పయితే నవ్వుకుందాం. ఈసారికి నేను తప్పు కావాలనే కోరుకుంటున్నాను.


సబేటో.
ఏప్రిల్

పెదనాన్నా,

ఈ ఉత్తరం ముందు నువ్వు చదువుకుని, తర్వాత పెద్దమ్మను కూర్చోబెట్టి నెమ్మదిగా వినిపించు. మజ్జిగ దగ్గర పెట్టుకో.

నువ్వు తప్పు కాదు. నీ ఉత్తరం వచ్చేసరికి నా ముఖం ఉడికిన పీతలా ఉంది. కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. చెంపల మీద నీటి పొక్కులు. నాలుగు రోజులుగా కొంగు కప్పుకుని పనికి పోతున్నాను, చలి అని అబద్ధం చెప్పి. సబేటోలో చలి! నీ తాజా కలం చదివి కొంగు తీసి దొరసాని ముందు నిలబడ్డాను. ఆవిడ "ఓ మై గాడ్!" అని పిల్లాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుంది. హంస డబ్బీ చూపించాను.

ఆవిడ తలుపు పక్కన బల్ల మీద నుంచి పిల్లాడికి జ్వరం చూసే గాజు పుల్ల తెచ్చి, అందులో వెండి గీత చూపించి, "దిస్ ఈజ్ మెర్క్యురీ, కుంతీ. దిస్!" అంది. అది విరిగి నేల మీద పడితే పిల్లాణ్ణి ఆ గదిలోకే రానివ్వకూడదట. దాన్నే నేను పొద్దునా సాయంత్రం ముఖానికి పట్టించాను. ఆవిడకూ ఎవరో చుక్కల మచ్చలు పోతాయని ఆ డబ్బీ ఇచ్చారట. ఒకసారి రాసుకుని మండితే కింది అరలో పడేసిందట. అందులో ఏముందో ఆవిడా చూడలేదు. తనే ఏడ్చింది, నన్ను క్షమించమంది. నేనూ ఏడ్చాను. పిల్లాడు మా ఇద్దరినీ చూసి ఏడ్చాడు. బసంతి ఎందుకో తెలియకుండానే ఏడ్చింది.

తర్వాత డాక్టరుకు కబురు పంపింది. ఆయన వచ్చి చూసి, ఆ డబ్బీని గొయ్యి తీసి పాతిపెట్టించి, ముఖానికి జింకు రాయమన్నాడు. అవును, పెద్దమ్మా, ఇంటి పైకప్పు! నేను వద్దంటే వద్దని వెనక్కి జరిగాను. ఆయన నవ్వి, అది రేకు కాదు, ఆ లోహం నుంచే చేసిన తెల్లని పొడి, పసిపిల్లలకు ఒరిసిపోయిన చోట రాసేది అన్నాడు. రాయగానే నెత్తిన నీళ్ళు పోసినంత చల్లగా ఉంది. ఆయన చెబితేనే తెలిసింది, గ్లిసరిన్ ఒక్కటే ఉంటే అది పేలదట. వేరే ఘాటు మందులతో కలిపితేనే. నీళ్ళలోనో పన్నీటిలోనో కలిపి రాసుకుంటే చర్మంలో తడి నిలుస్తుందట. గొర్రె జిడ్డు పగిలిన పెదవులకు భలే మంచిదట. మనకు భయం పుట్టించినవన్నీ సాధువులు, పూజించినది ఒక్కటే రాక్షసి.

పుండ్లు మానతాయి, మచ్చ పడదు, కానీ నెల పడుతుందని చెప్పాడు. నెల! వాళ్ళు రేపో మాపో వస్తారు. పెద్దమ్మా, ఎలాగైనా వాళ్ళను ఆపు. ఈ ముఖంతో నేను ఎదురుపడలేను.

కుంతి

తాజా కలం: నేను గ్లిసరిన్ సీసా మూత తీస్తుంటే బసంతి వెళ్ళి నీళ్ళ తొట్టి వెనక దాక్కుంది. ఎంత పిలిచినా రాలేదు.


వునిమోలి.
ఏప్రిల్

కుంతీ, నా తల్లీ,

ఆగ్‌బోటు వెళ్ళిపోయింది. నీ ఉత్తరం వచ్చేసరికే వెళ్ళిపోయింది. నేను రేవు దాకా పరుగెత్తాను. పొగ కనిపించింది, అంతే.

మీ పెదనాన్న చదువుతుంటే నాకు మనం ఈ దేశం వచ్చిన ఓడ గుర్తొచ్చింది. జహాజులో నువ్వు నా ఒళ్ళో పడుకుని, "పెద్దమ్మా, ఒడ్డు ఎప్పుడొస్తుంది?" అని అడిగేదానివి. మీ అమ్మకు జబ్బు చేస్తే నిన్ను నా చేతిలో పెట్టి పోయింది. ఆ ముఖాన్ని నేనే పొక్కులు తేలేలా చేశాను. తెలుపు అన్నది వాళ్ళు. దండిగా రాయి అన్నది నేను. రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ చంద్రవతి నీ ముఖం చూసి పెదవి విరిస్తే, లేచి లోపలికి వెళ్ళిపో. ఒక్క మాట అనకు, ఒక్క కన్నీటి చుక్క రాల్చకు. తెలుపు కావలసినవాళ్ళు సున్నం కొట్టిన గోడను చేసుకోమను. ఈ సంబంధం పోతే పోనీ. నువ్వు నల్లదానివే. నల్లదానివిగానే మా ఇంటికి రా. ఈసారి మీ పెదనాన్న ఈ మాట నేను ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లూ రాస్తానని ఒట్టేశాడు. నువ్వు నల్లదానివే. నువ్వు నల్లదానివే. నాకు అలాగే కావాలి.

జింకు బాగా రాసుకో. రేకు అన్నందుకు దానికి నా తరఫున దండం పెట్టు.

వెంకటమ్మ

తాజా కలం: మునియ్య. నేను మళ్ళీ పంతులు దగ్గరికి వెళ్ళాను. పాపం ఆయన అదే పుస్తకం, అదే పేజీ తీశాడు. మొదటి అర్థం బుధ గ్రహం. దాని కింద రెండో అర్థం పాదరసం. ఆ రోజు అన్నం చల్లారుతోందని మొదటి దాని దగ్గరే ఆగిపోయాడట. మీ పెద్దమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన భార్యను పిలిచి, "అమ్మా, రేపటి నుంచి ఈయనకు అన్నం ముందే పెట్టు" అంది.


సబేటో.
మే

పెద్దమ్మా, పెదనాన్నా,

ముందు అన్నం తినండి. తిన్నాకే చదవండి. అంతా బాగుంది.

వాళ్ళు వచ్చారు. నాన్న వాళ్ళను దారిలోనే ఆపి, పిల్లకు ఒంట్లో బాగాలేదని చెప్పబోయాడు. చంద్రవతమ్మ, "అయితే తప్పకుండా చూడాలి" అని చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చేసింది. నేను ముఖం నిండా జింకు పూసుకుని కూర్చున్నాను. గోడకూ నాకూ తేడా లేదు. దాక్కోవడానికి ఒకే గది, తలుపు దగ్గర ఆవిడ.

"ముఖానికేమిటమ్మా అది?" అంది.

నాకు ఏం చెప్పాలో తోచక, "ఇంటి పైకప్పండీ" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం చూసి, పక్కనే కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అసలేం జరిగిందో అడిగింది. ఎక్కువ మాట్లాడకని నువ్వు చెప్పావు గాని, పెద్దమ్మా, మొదలుపెడితే ఆగలేదు. భజియాలు, మీగడ, బుధుడు, పుడక, అన్నీ చెప్పాను. ఆవిడ వింటూ వింటూ నవ్వు మానేసింది. నా చెయ్యి పట్టుకుని, "ఇంత పని ఎందుకు చేశావే తల్లీ? తెల్లబడమని ఎవరు చెప్పారు నీకు?" అంది.

నాకు కోపం వచ్చింది. "మీరే చెప్పారు" అన్నాను.

"నేనా?"

"పిల్ల తెలుపైతే చాలన్నారట. జసోద మౌసీతో."

"అయ్యో రామా! తెలుపు అనలేదే! *తెలుగు* అన్నాను. పిల్ల తెలుగైతే చాలన్నాను!"

ఒక్క అక్షరం, పెద్దమ్మా. దారిలో ఎక్కడో జసోద మౌసీ నోట్లోంచి ఒక అక్షరం జారిపోయి ఇంకోటి వచ్చి కూర్చుంది. ఆవిడను ఏమీ అనకు. నాకు ముందు నవ్వు, తర్వాత ఏడుపు, మళ్ళీ నవ్వు వచ్చాయి. జింకు మీద కన్నీళ్ళు కాలవలు కట్టాయి. చంద్రవతమ్మ తన కొంగుతోనే ఒత్తింది, కొంగంతా తెల్లబడినా చూసుకోలేదు.

అప్పుడు చెప్పుకొచ్చింది. మొగుడు పోయాక ఆ లైన్లలో ఆవిడతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరట. చుట్టూ మంచివాళ్ళే, కానీ అందరూ హిందుస్తానీ. కొడుకుతో తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిస్తాడట. "ఒకరోజు కాలికి ముల్లు గుచ్చుకుని 'అబ్బా' అన్నానమ్మా. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఆ రోజు చాలా ఏడ్చాను. కోడలు వస్తే, నేను 'అబ్బా' అంటే 'ఏమైందత్తా' అనేది కావాలని అనుకున్నాను. రంగు ఎవరికి కావాలి? చీకట్లో దీపం ఆర్పాక అందరిదీ ఒకే రంగు, మాట మాత్రం వినిపిస్తుంది" అంది.

ఒక్కరోజు ఉండి పోదామని వచ్చినవాళ్ళు కాస్తా, కొడుకు లౌటోకా పని చూసుకుని వచ్చేదాకా ఆవిడ మా ఇంట్లోనే ఉంటానంది. పొన్న నూనె వాసన చూసి, "ఇది మా ఊరి వాసన" అని కాళ్ళకు రాసుకుంది. ఇప్పుడు ఆవిడా నేనూ వసారాలో, నాన్న లోపల. ముఖం రోజురోజుకూ చల్లబడుతోంది. గ్లిసరిన్ పన్నీటిలో కలిపి రాసుకుంటున్నాను. ఆవిడకు గొర్రె జిడ్డు ఇచ్చాను, మడమలు మెత్తబడ్డాయని సంబరపడుతోంది. ముక్కుపుడకను నాన్న నాందీ కంసాలికి ఇచ్చాడు. పాదరసం పోయి పసుపు రంగు తేలింది. కొంచెం సన్నబడింది, అంతే.

సంబంధం ఖాయం. "పిల్ల ఇష్టం కూడా అడగండి" అని చంద్రవతమ్మే నాన్నతో అంది. నాన్న అడిగాడు. నేను తల ఊపాను. పెళ్ళి వునిమోలిలో, మీ ఇంట్లోనే. నాన్న కూడా మాతో వచ్చి కొన్నాళ్ళు ఉంటాడు. లైన్ల నుంచి మీ ఇంటికి దారి చంద్రవతమ్మను అడిగి తెలుసుకున్నాను. మధ్యలో ఒక కాలువ ఉందట, దాని మీద కొబ్బరి దుంగ వేసి ఉందట. చీర తడవదన్నమాట.

మీ కుంతి

తాజా కలం: సుబ్రమణి సంగతి రాయలేదని తిట్టుకుంటున్నారేమో. బాయిలరు మసికీ ఆయనకూ పెద్ద తేడా లేదు. నవ్వితే మాత్రం గది వెలుగుతుంది. ఆయనకు తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడడం రాదు. తల్లి రోజూ తనతో అనే మాటలు మూడే వచ్చు. నాతో తెలుగులో ఏం మాట్లాడాలో తెలియక ఇక్కడున్నంతసేపూ మూగవాడిలా కూర్చున్నాడు. లౌటోకా బయలుదేరినప్పుడు ఎడ్ల బండి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, వసారా మెట్టు దగ్గర నిలబడి, ఆ మూడూ ఒకటి తర్వాత ఒకటి జాగ్రత్తగా నాతో అన్నాడు: "తిన్నావా? ఎండలో తిరగకు. జాగ్రత్త."

అని, ఇంకేమీ మిగల్లేదు గనక వెళ్ళిపోయాడు.